గుడ్డ కింది నీళ్ళు

శిక్షణ కేంద్రం హాస్టల్,
మార్చి 4

అక్కకు,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే బేసిన్‌ను అక్కడే కూర్చోబెట్టాను. "దీనికీ టికెట్ కొట్టమంటారా?" అన్నాడు కండక్టర్. అది వేళాకోళమని తెలిసేలోపే తల ఊపేశాను. కొట్టేశాడు.

ఆదివారం ఆట గురించి కేంద్రానికి నివేదిక రాస్తున్నాను. ఎప్పుడూ ఆటలు నడిపే మా మేడంకు జ్వరం తగ్గలేదు. నేను ఒంటరిగా ఆట నడపడం ఇదే మొదటిసారి కాబట్టి ప్రతి వివరం రాయమన్నారు. అది రాస్తూ మధ్యలో నీకు రాస్తున్నాను.

మీ బోరుదారుల సంఘంలో పద్నాలుగు మందీ వస్తారని అనుకోలేదు. నూట నలభై నీలం పూసలు బేసిన్‌లో పోసి, ఇవి మీ వీధి కింది నీళ్ళు, నేల కింద ఎంత ఉందో పైకి కనబడదు కాబట్టి గుడ్డ కప్పుతున్నాను అని చెప్పేసరికే రెండుసార్లు నీళ్ళు తాగాను. ఒక్కొక్కరు గుడ్డ కింద చెయ్యి పెట్టి, తమ పనికి కావలసినన్ని, పదికి మించకుండా తీసుకోవాలి. రౌండు అయ్యాక మిగిలిన ప్రతి పదికి రెండు చొప్పున నేను వాన పూసలు కలుపుతాను. గుడ్డ ఎత్తి చూసే హక్కు నాకు ఒక్కదానికే. ఇంతే కదా చెప్పాలి. అది చెప్పడానికి పావుగంట పట్టింది.

"ఏమ్మా, పూసలు లెక్కపెట్టాలా, దండ గుచ్చాలా?" అని ఐస్ ఫ్యాక్టరీ ఆయన అన్నప్పుడు అందరూ నవ్వారు. లాండ్రీ పెద్దావిడ నవ్వలేదు. ఆవిడ ప్రతిసారీ మూడు పూసలే తీసింది.

నాలుగు రౌండ్లయ్యాక గుడ్డ తీస్తే అడుగున ఇంకా పూసలున్నాయి. చప్పట్లు కొట్టారు. ఆట తర్వాత నేను మాట్లాడవలసింది పెద్దగా మిగలలేదు.

మోటారు రోజుకు నాలుగు గంటలే నడపాలి, కొత్త బోరు వెయ్యకూడదు అన్న మీ తీర్మానం మీద ఓటు ఎప్పుడు? తప్పకుండా రాయి.

చెల్లెలు

*

నర్సరీ,
మార్చి 12

పుస్తకాల పురుగుకి,

ఫోన్ చేస్తే "ఊ", "ఆ" తప్ప నీ నోట్లోంచి ముత్యం రాలదు కాబట్టి నేనూ కాగితమే పట్టాను. కుండీల మధ్య కూర్చుని రాస్తున్నా. మట్టి అంటుకుని ఉంటే దులుపుకో.

మీ ఆట మా వీధికి పట్టుకుంది. కార్లు కడిగే అతను, సిమెంటు ఇటుకల దంపతులు, అందరిదీ అదే మాట. ఎవరు ఎన్ని లాగారో వేళ్ళ మీద చెబుతున్నారు. లాగింది నేనైతే మీసం తిప్పుకునేది మీ బావ. "మా ఆవిడ చెయ్యి పెట్టిందంటే పదే" అని టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాడట.

ఆదివారం ఓటు అయిపోయింది. తీర్మానం పోయింది. నలుగురు కావాలన్నారు, పదిమంది వద్దన్నారు. ఐస్ ఫ్యాక్టరీ ఆయన లేచి, "ఆ అమ్మాయి ఆటలో మనం పోటీలు పడి తోడాం. ఏమైంది? మళ్ళీ ఊరాయి. చదువుకున్నవాళ్ళు లెక్కలు వేసి చేసిన ఆటే అలా చెబుతుంటే మనకెందుకండీ భయం?" అన్నాడు. లాండ్రీ పెద్దావిడ ఒక్కతే, "పూసలు వేరు, నీళ్ళు వేరు నాయనా" అంది. "ఈవిడకి ఉతికిన బట్ట మీద కూడా అనుమానమే" అని నవ్వి ఊరుకున్నారు.

ఆ పదిమందిలో నేనూ ఉన్నాను. తీర్మానం రాసిన చెయ్యే వద్దని లేచిందని నువ్వు ఎత్తిపొడిచేలోపే చెబుతున్నా. పక్క స్థలం తీసుకుంటున్నాం. మొక్కల నీడకి రెండో షేడ్‌నెట్ వేస్తాం, గులాబీ అంట్లన్నీ అటు మారుస్తాం. ఇప్పుడున్న బోరు దానికి చాలదు, లోతుగా కొత్తది వెయ్యాలి. బోరు వేసే లారీ ముందు ఐస్ ఫ్యాక్టరీకి వస్తుంది, తర్వాత మాకు. పెళ్ళయిన పదకొండేళ్ళకి మీ బావా నేనూ ఒకే మాట మీద ఉన్నాం. నీ కళ్ళజోడుతో దిష్టి పెట్టకు.

అక్క

*

శిక్షణ కేంద్రం హాస్టల్,
మార్చి 17

అక్కా,

బోరు ఆపు. కనీసం కొన్నాళ్ళు ఆగు.

ఆట ఆటే. దాన్ని చూసి ఓటు వెయ్యడం సరికాదు. ఇక్కడి గ్రంథాలయంలో నాలుగు పుస్తకాలు చూశాను. ఒకే పొర నుంచి పద్నాలుగు బోర్లు తోడుతున్నప్పుడు కొత్తది లోతుగా వేస్తే, పక్కనున్న లోతు తక్కువ బోర్లు ముందు ఎండుతాయి. ఎవరిది ఎప్పుడు ఎండుతుందో ముందుగా చెప్పలేరు. పటం ఒకటి గీసి పంపుతున్నాను, బావకు చూపించు.

స్థలం కాగితాల మీద సంతకాలు అయ్యాయా?

చెల్లెలు

*

నర్సరీ,
మార్చి 26

చెల్లెలికి,

నీ పటం మీ బావకు చూపించాను. "ఆటేమో ఒకటి చెప్పింది, ఇప్పుడు బొమ్మ ఇంకొకటి చెబుతోంది. మీ చెల్లెల్ని ముందు ఒకదాని మీద నిలబడమను" అన్నాడు. నాకూ అదే అనిపించింది.

సంతకాలు అయ్యాయి.

ఐస్ ఫ్యాక్టరీ కొత్త బోరు సోమవారం నడిచింది. బుధవారం పొద్దున లాండ్రీ మోటారు గాలి పీల్చింది. పెద్దావిడ నానబెట్టిన దుప్పట్లు టబ్బుల్లో అలాగే ఉన్నాయి, సబ్బు నురగతో. మా ఊరి కాలేజీ హాస్టల్ వాళ్ళవి ఎనభై దుప్పట్లు. వాళ్ళు వచ్చి తడి మూటలు ఎత్తుకుపోతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఎవరినీ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

"ఆ బోరు ముసలిది, ఎప్పుడో పోవాల్సింది" అంటున్నాడు ఐస్ ఫ్యాక్టరీ ఆయన. కాకి వాలింది, కాయ రాలింది, అంతే అంటున్నారు అందరూ. మీ బావ కూడా.

ఏప్రిల్ తొమ్మిదిన లారీ మా గేటుకి వస్తుంది. మా కొత్త బోరు పడే చోటికి ఇటుకల వాళ్ళ బోరు ముప్ఫై అడుగుల దూరమే.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు పుస్తకాల వెనక నక్కినప్పుడల్లా అక్కడ ఇంకేదో ఉంటుంది. నాకు తెలియనిదేదో నీకు తెలిస్తే చెప్పు. పటాలు పంపకు.

అక్క

*

శిక్షణ కేంద్రం హాస్టల్,
మార్చి 30

అక్కా,

చెబుతాను. వరుసలో చెబుతాను, లేకపోతే రాయలేను.

మొదటి రౌండులో మీరు అరవై తీశారు. ఎనభై మిగిలాయి, పదహారు కలిపాను. రెండో రౌండులో అరవై రెండు తీశారు. ముప్ఫై నాలుగు మిగిలాయి, ఆరు కలిపాను. మూడో రౌండు అయ్యేసరికి గుడ్డ కింద తొమ్మిది పూసలున్నాయి. పదికి లోపు మిగిలితే కలపడానికి ఏమీ ఉండదు. పద్నాలుగు చేతులకు తొమ్మిది పూసలు. నాలుగో రౌండులో ఆట ముగియాలి. నువ్వు పద్నాలుగోదానివి, నీ వేళ్ళకు రేకు తప్ప ఏమీ దొరకకూడదు.

నేను వాన పూసల సంచిలోంచి రెండు గుప్పెళ్ళు తీసి బేసిన్‌లో వేశాను. గదికి వచ్చాక సంచిలో మిగిలినవి లెక్కపెట్టి చూస్తే, అలా వేసినవి అరవై నాలుగని తేలింది.

ఎందుకు వేశానో నాకు తెలుసు. బేసిన్ ఖాళీ అయ్యాక ఏం జరుగుతుందో మేడం ఆటల్లో పదిసార్లు చూశాను. ఒకరి మీద ఒకరు అరుస్తారు. నువ్వు ఎక్కువ లాగావంటే నువ్వు లాగావంటారు. అప్పుడు మేడం మధ్యలో నిలబడి, అరవనిచ్చి, తర్వాత ఒక్కొక్కరినీ అడుగుతారు. ఆ గొడవే పాఠం, పూసలు కాదు. ఆ రోజు మేడం లేరు. గొడవ మధ్యలో నిలబడవలసింది నేను. ముందురోజు నువ్వు కూడా, "వాళ్ళ ముందు నన్ను నవ్వులపాలు చెయ్యకు, నిన్ను పిలిపించింది నేను" అన్నావు. కానీ నీ మీద పెట్టను. నేను భయపడ్డాను.

కేంద్రానికి పంపిన లెక్క కూడా తప్పుదే. కాన్వెంటులో మదర్ ఒకసారి నా నోట్‌బుక్ చూసి, "ఈ పిల్ల అబద్ధం చెప్పదు, నిజం చెప్పకుండా ఊరుకుంటుంది" అని అమ్మతో అన్నది నీకు గుర్తుందో లేదో. అప్పుడు అది మెచ్చుకోలు అనుకున్నాను.

అసలు లెక్క వేరే కాగితం మీద రాసి జతచేశాను. అందరికీ చూపించు. మేడంకు నేను చెబుతాను.

పెద్దావిడ దుప్పట్ల గురించి చదివాక రెండు రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను. అది కూడా ఆలస్యమే.

చెల్లెలు

*

నర్సరీ,
ఏప్రిల్ 9

నీకు,

పది రోజులు జవాబు రాయలేదు. రాస్తే తిట్లు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. అందులో సగం నాకే తగిలేవి.

ఈ పొద్దున లారీ వచ్చింది. డ్రైవరు పైపులు దింపబోతుంటే గేటు మూసేశాను. "వచ్చి ఊరికే పోవడానికి మేమేమన్నా మీ చుట్టాలమా అమ్మా?" అన్నాడు. మీ బావ నన్ను షెడ్డు పక్కకి తీసుకెళ్ళి, "ఏంటే ఇది?" అన్నాడు. "చెప్తాను" అన్నా. "ఎప్పుడు?" "సంఘం ముందు చెప్తాను." ఆయన నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా లారీ అతనితో మాట్లాడి పంపేశాడు. అప్పటినుంచి ఇంట్లో నాతో మాట లేదు.

నీ కాగితం ఎవరికీ చూపించలేదు. ఎందుకో విను.

నేను చూశాను. నీ పక్కనే కూర్చున్నాను కదా. మూడో రౌండులో చివరి చెయ్యి నాది. గుడ్డ కింద వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి తగిలాయి, మధ్యలో అంతా రేకే. నాలుగు తీసి, చెయ్యి బయటికి తెచ్చి, అయిపోయింది, ఇప్పుడు అందరూ నా తీర్మానానికి తల వంచుతారు అనుకున్నాను. తర్వాత నీ చెయ్యి సంచిలోకి పోయింది. పిడికిలిగా వచ్చింది. మళ్ళీ పోయింది. పూసల చప్పుడు వినబడకుండా దగ్గావు. అబద్ధం ముందు దగ్గడం నీకు ఆరో ఏటి నుంచీ అలవాటు.

నాలుగో రౌండులో నేను చెయ్యి పెట్టి పది తీశాను. తెలిసే తీశాను. అప్పటికే పక్క స్థలం కబురు వచ్చి ఉంది. నువ్వే వేశావు, నేనేమీ చెయ్యలేదు కదా అనుకున్నాను. ఓటు రోజు కూడా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నీకు సరదాగా ఉత్తరం రాశాను, గుర్తుందా? మట్టి దులుపుకో అని.

నువ్వు చెప్పేస్తావేమో, నన్ను అడుగుతావేమో అని చూస్తూనే ఉన్నాను. నువ్వు చెప్పావు. ఇప్పుడు నా వంతు.

పందొమ్మిదో తేదీ ఆదివారం సంఘం కూర్చుంటుంది. నీ కాగితం నేను చదవను. నువ్వే వచ్చి చదువు.

అక్క

*

శిక్షణ కేంద్రం హాస్టల్,
ఏప్రిల్ 13

అక్కా,

మేడంకు చెప్పాను. ఆవిడ అరవలేదు. "ఆటను పాడుచేస్తే పాడుచేశావు. వాళ్ళు పోట్లాడుకోవాల్సిన రోజును ఎత్తుకుపోయావు" అన్నారు. పూసల సంచి నా దగ్గర నుంచి తీసుకున్నారు. ఇకమీదట నేను ఆటలు నడపను, గ్రంథాలయంలో పని చేస్తాను. ఈ శిక్ష నాకు హాయిగా ఉంది. సిగ్గంతా అక్కడే ఉంది.

కేంద్రం తరఫున నన్ను పంపరు. బేసిన్ ఇవ్వరు. ఆదివారం మొదటి బస్సుకి నేనే వస్తాను.

నువ్వు చూశావని చదివాక కోపం వచ్చింది. తర్వాత కొంచెం తేలికైంది. తర్వాత ఆ తేలికే నచ్చలేదు. వీటిలో ఏది సరైనదో తెలియదు. నువ్వు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నా కాగితంలో నీ పేరు ఉండదు.

చెల్లెలు

*

శిక్షణ కేంద్రం హాస్టల్,
ఏప్రిల్ 20

అక్కా,

నిన్న ఐదింటి బస్సు తప్పితే మళ్ళీ దిక్కులేదని మధ్యలోనే పరుగెత్తాను. సెలవు కూడా చెప్పలేదు.

కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదవడం అయ్యాక నేను అనుకున్నట్టు ఎవరూ అరవలేదు. అదే ఎక్కువ భయం వేసింది. ఐస్ ఫ్యాక్టరీ ఆయన, "అయితే మమ్మల్ని పిల్లల్ని ఆడించినట్టు ఆడించావన్నమాట" అన్నాడు. అవునన్నాను. "నీ ఆట చూసి నేను బోరేశానమ్మా" అన్నాడు. 

అప్పుడు నువ్వు లేచావు. నువ్వు లేస్తావని నేను అనుకోలేదు. "నేను పక్కనే ఉండి చూశాను. చూసి కూడా పది లాగాను" అన్నావు. బావ కుర్చీ వెనక్కి జరిపి బయటికి వెళ్ళిపోవడం చూశాను. నీ గొంతు మారలేదు. నాకైతే అక్కడే ఆగిపోయేది.

తర్వాత జరిగింది నేను మేడంకు చెబితే ఆవిడ రెండుసార్లు చెప్పించుకున్నారు. "మళ్ళీ ఆడదాం. ఈసారి గుడ్డా వద్దు, నువ్వూ వద్దు" అని ఐస్ ఫ్యాక్టరీ ఆయనే అనడం. నువ్వు మొక్కల ట్రేలో చిక్కుడు గింజలు పోసి తేవడం. అన్నీ కళ్ళ ముందే కనబడుతున్నా ఆయన పదే తీయడం. "నేను తక్కువ తీస్తే ఫ్యాక్టరీ మూతే, మీకు మాటలు సులువు" అని ఆయన అంటే, కార్లు కడిగే అతను "మా నోట్లో మట్టి కొట్టి మీరు ఐసు చెయ్యండి" అని లేవడం. పెద్దావిడ వంతు వచ్చినప్పుడు ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుని, "నాకు బోరే లేదు. నేనెందుకు తియ్యాలి, మీరు కానివ్వండి" అనడం.

తర్వాత లేచిన గొడవ మధ్యలో నేను ఉన్నాను. నన్ను కూడా తిట్టారు. ఇటుకలావిడ నా భుజం పట్టుకుని ఊపింది. పారిపోలేదు. మాట్లాడానని మాత్రం చెప్పుకోలేను.

ఓటు ఏమైంది? బావ ఇంటికి వచ్చాడా?

చెల్లెలు

*

నర్సరీ,
ఏప్రిల్ 24

చెల్లీ,

బావ వచ్చాడు. రాక ఎక్కడికి పోతాడు, తాళంచెవి నా దగ్గరే ఉంది. రెండు రోజులు పళ్ళెం పట్టుకుని వరండాలోకి వెళ్ళి తిన్నాడు. మూడో రోజు, "బోరు కోసం కాదు. నాకు ముందు చెప్పలేదు, దానికి" అన్నాడు. ఔనన్నాను. పక్క స్థలం వదులుకున్నాం. వదులుకునే మాట ఆయనే అన్నాడు, నా వైపు చూడకుండా.

ఓటు ఎనిమిదీ ఆరూ. తీర్మానం నెగ్గింది. నువ్వు వెళ్ళాక ఇంకో గంటన్నర కొట్టుకున్నారు. ఐస్ ఫ్యాక్టరీ ఆయన వద్దనే చెయ్యెత్తాడు. ఓడిపోయాక మాత్రం, "నా రెండు బోర్లకీ కలిపి నాలుగు గంటలు. మీరెవరూ నా గేటు దగ్గర కాపలా కాయక్కర్లేదు, నేనే రాసి పెడతా" అన్నాడు. రాస్తున్నాడు. నేను వెళ్ళి చూశాను.

లాండ్రీ బోరు రాలేదు. ఇక రాదన్నారు. మా నాలుగు గంటల్లో రెండు ఆవిడవి. వీధికి అడ్డంగా గొట్టం వేశాం. ఆవిడ థాంక్స్ చెప్పలేదు, నేను ఆశించలేదు. హాస్టల్ దుప్పట్లు మాత్రం వేరే వాళ్ళకి పోయాయి. గులాబీ అంట్లు సగం తీసేశాను.

ఇంకొకటి తీర్మానించారు. ప్రతి సోమవారం మా పాత బోరులో టేపు వదిలి నీటిమట్టం కొలవాలి. కొలిచేది నేను, పక్కన నిలబడి రాసేది పెద్దావిడ. నా మీద ఉన్న నమ్మకం అంత. మొదటి సోమవారం నీళ్ళు నూట నలభై రెండు అడుగుల లోతున తగిలాయి.

అక్క

*

శిక్షణ కేంద్రం గ్రంథాలయం,
ఏప్రిల్ 29

అక్కా,

ప్రతి వారం ఆ అంకె నాకు రాయి. ఇంకేమీ రాయకపోయినా ఫరవాలేదు.

పెద్దావిడకు ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను. మూడోసారి రాసింది పోస్టు చేశాను. క్షమించమని అడగలేదు. ఆవిడ చేతిలో ఇంకో పని పెట్టినట్టవుతుందనిపించింది. ఏం చేశానో మాత్రం రాశాను.

చెల్లెలు

*

నర్సరీ,
జూన్ 8

చెల్లీ,

నీ ఉత్తరం ఆవిడకి అందింది. చదివించుకోలేదు, తనే చదువుకుంది. 

అంకెలు రాస్తున్నాను కాబట్టి నీకు తెలుసు. మొదటి రెండు వారాలూ నూట నలభై రెండు, తర్వాత మూడు వారాలు నూట నలభై మూడు. పోయిన రెండు వారాలూ నాలుగు. వాన పడలేదు. అయినా వీధంతా ఏడు వారాలు నోరు కట్టుకుని నాలుగు గంటలే నడిపింది. ఇటుకల వాళ్ళు ఒక పూట పనే చేస్తున్నారు. అందుకని ఈ సోమవారం పైకి వస్తుందని అందరికీ ఆశ. పొద్దున్నే అడక్కుండానే వచ్చి బోరు చుట్టూ నిలబడ్డారు. ఐస్ ఫ్యాక్టరీ ఆయన వచ్చాడు. మీ బావ కూడా వచ్చి, కాస్త దూరంగా, ట్యాపు కట్టేస్తున్నట్టు నిలబడ్డాడు.

టేపు లాగాను. తడి నూట నలభై ఆరు దగ్గర ఉంది.

అంకె కనబడేది నాకొక్కదానికే. పెద్దావిడకి కళ్ళజోడు లేకుండా కనబడదు, అది ఆవిడ నుదుటి మీద ఉంది. "ఎంతమ్మా? పెరిగిందా?" అన్నాడు ఐస్ ఫ్యాక్టరీ ఆయన. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు నేను, పరీక్ష రాసిన పిల్లాడిలా. నూట నలభై రెండు అని నోటిదాకా వచ్చింది. ఒక్క వారం, వీళ్ళు ఇంకా ఒక్క వారం ఓపిక పట్టడానికి, అనుకున్నాను. నిన్ను తిట్టుకున్న తిట్లన్నీ ఆ నిమిషంలో వెనక్కి తీసుకున్నాను.

"నూట నలభై ఆరు" అన్నాను. "రెండు అడుగులు దిగింది."

పెద్దావిడ కళ్ళజోడు దించుకుని రాసింది.  తర్వాత కార్లు కడిగే అతను, "ఇంత చేస్తే ఇదా?" అన్నాడు. "ఇంత చేశాం కాబట్టి ఇంతే దిగింది" అన్నాడు మీ బావ. అక్కడ మొదలైంది. మూడు గంటలు చేద్దామని ఒకరు, అసలు తీర్మానమే దండగని ఒకరు, ముందు నీ రెండో బోరు మూసెయ్యమని ఇంకొకరు. ఐస్ ఫ్యాక్టరీ ఆయన చెప్పులు విడిచి గట్టు మీద కూర్చున్నాడు. ఇప్పట్లో లేచేలా లేడు.

ఈ ముక్క షెడ్డులోంచి రాస్తున్నా. అరుపులు ఇక్కడికి వినబడుతున్నాయి. ఒక్కరూ ఇంటికి పోలేదు. ఎవరో నన్ను పిలుస్తున్నారు, వెళుతున్నాను.

అక్క